ఇరవై ఏడు మెల్లగా మాట్లాడుతోంది

ఉదయం ఆరూ పది. తాడేపల్లిగూడెం స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని నెహెమ్యా టీ తాగుతూ ఫోన్లో ఏదో టైపు చేస్తున్నాడు. ముప్పై ఏళ్ళ వైర్‌లెస్ ఇంజనీరు. పక్కనే ఒకతను చేపల థర్మకోల్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ స్టేషన్లో అలాంటి పెట్టెను ఎవరూ రెండోసారి చూడరు. గూడ్సు బండి వచ్చి, దాని చప్పుడు ప్లాట్‌ఫారం నిండా పరుచుకున్నప్పుడు పెట్టెలోంచి చిన్న శబ్దం వచ్చింది. బండి వెళ్ళిపోయేసరికి పెట్టె లేదు, పెట్టె మనిషీ లేడు. నెహెమ్యా బెంచీ మీదికి ఒరిగి ఉన్నాడు.

మొదట చూసింది టీ అమ్మే ఏడుకొండలు. మూర్ఛ అనుకుని తాళాలగుత్తి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఆ తర్వాత చొక్కా మీద ఎరుపు చూశాడు. కేకలు వేయలేదు. భుజం మీది తువ్వాలు తీసి అతని ముఖం మీద కప్పాడు. కింద పడిన కళ్ళజోడు తీసి, తుడిచి, మడిచి, అతని జేబులోనే పెట్టాడు.

రెండు గంటల తర్వాత రిపోర్టు చదువుతూ ఏజెంట్ జాషువా కళ్ళజోడు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మిగతాదంతా ఆగకుండా చదివాడు.

అతను రిపోర్టు చదివింది పట్టణం చివర ఒక రైస్ మిల్లు మేడ మీద. కింద బియ్యం వ్యాపారం, మీద పేరు లేని ఒక ప్రభుత్వ శాఖ. గేటు దగ్గర కాపలా మనిషి ఎప్పటిలాగే అడిగాడు.

"పాత బియ్యం కావాలాండీ, కొత్తవా?"

"పాతవే. ఇంట్లో ఒక్కణ్ణే."

"ఒక్కరికైతే మేడ మీద ఇస్తారండీ."

అది కోడ్. దాన్ని రాసినవాళ్ళకు, రెండేళ్ళ ఎనిమిది నెలల కిందట జాషువా భార్య లిడియా చనిపోయిందని తెలియదు. మార్చమని అతనూ అడగలేదు. ఏ మాటా ఎక్కడా తగలడం లేదు ఈ మధ్య.

చీఫ్ పాండురంగారావు అతని ముందు ఇడ్లీ పొట్లం విప్పి పెట్టాడు. "ముందు తినండి. ఇది ఖాళీ కడుపుతో వినే సంగతి కాదు."

జాషువా తిన్నాడు. రుచి తెలియలేదు గానీ ఇడ్లీ వేడిగా ఉందని మాత్రం తెలిసింది.

"పొలిమేరలంక మీకు తెలుసుగా," అన్నాడు చీఫ్.

"మా ఆవిడ ఊరండీ."

"అందుకే మిమ్మల్ని పంపకూడదనుకున్నాను. మళ్ళీ అందుకే పంపుతున్నాను."

కొల్లేరు మధ్య చిన్న లంక అది. ఆరువందల మంది జనం. బయటికి ఒకటే రోడ్డు. నీళ్ళు పెరిగితే ముందు మునిగేది ఆ రోడ్డే. అందుకని నిరుడు లంక చుట్టూ, సరస్సులో నలభై కర్రలు పాతారు. ఒక్కో కర్రకు ఒక సెన్సర్ నోడ్. కింద నీటి మట్టం కొలుస్తుంది, మీద చిన్న రేడియోతో పక్క కర్రకు చెబుతుంది. ఆ కర్ర ఇంకో కర్రకు. అలా కబురు లంకలోని చర్చి గోపురం మీది గేట్‌వే పెట్టెకు చేరుతుంది. ఏ ఒక్క కర్ర దగ్గరైనా నీళ్ళు ఎనభై సెంటీమీటర్లు దాటితే గోపురం మీద సైరన్ మోగుతుంది.

"బ్యాటరీ మూడేళ్ళు రావాలి. వాటికి అడాప్టివ్ ట్రాన్స్‌మిషన్ పవర్ కంట్రోల్ పెట్టారు," అన్నాడు చీఫ్. "మీకు అర్థమయ్యేలా చెప్పనా?"

"మనుషుల్లాగేనండీ. వినేవాడు దగ్గరుంటే గొంతు తగ్గిస్తాయి, దూరముంటే పెంచుతాయి. 'విన్నాను' అని అవతలి నుంచి జవాబు వస్తే, మరుసటిసారి ఇంకాస్త తగ్గించి చూస్తాయి."

"సరిగ్గా ఆ జవాబునే మింగేస్తున్నారు." చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. చెరువుల్లో గాలి కొట్టే ఏరియేటర్ ఫ్లోట్. "ఇలాంటి దాంట్లో జామర్. నోడ్ మాట వినపడగానే మేలుకుని, 'విన్నాను'ను చెడగొట్టి, మళ్ళీ పడుకుంటుంది. పాపం నోడ్ ఏమనుకుంటుంది? వినలేదేమో అని గొంతు పెంచుతుంది. ఇంకా పెంచుతుంది. మూడేళ్ళ బ్యాటరీ తొమ్మిది రోజుల్లో అయిపోతుంది."

"అరిచి అరిచి పోతాయి."

"పోయాయి. ఇది 'నారాయణపక్షి' ముఠా పని. విదేశీ ముఠా. కొల్లేటితో వాళ్ళకు పని లేదు. ఇవే నోడ్లు మన సరిహద్దు మీద కూడా ఉన్నాయి. ఇక్కడ నిజమైన వరదలో, నిజమైన మనుషుల మీద పరీక్షించి చూస్తున్నారు. సైరన్ మోగకుండా లంక మునిగితే, ఆ జామర్ రేపు సరిహద్దుకు వెళుతుంది."

కంట్రోల్ రూము స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగా ఉంది. చచ్చిన నోడ్ల పాత అంకెలనే ముఠా మళ్ళీ మళ్ళీ చూపిస్తోంది. అధికారులు స్క్రీన్‌ను నమ్ముతారు. లంకవాళ్ళు సైరన్‌ను తప్ప ఎవరినీ నమ్మరు. కిందటేడు రెండుసార్లు ఎవరో చెప్పారని ఊరు ఖాళీ చేశారు. వరద రాలేదు. తిరిగొచ్చేసరికి చెరువుల్లో చేపలు లేవు.

"ఆ ముఠాలో మన మనిషి ఉంది. గీతాంజలి. పైకి ఆ నెట్‌వర్క్‌కు కన్సల్టెంట్. చచ్చిన నోడ్ల ఈ లిస్టు ఆమే ఇచ్చింది, ఏ కర్ర మాట్లాడిందో నమోదయ్యే గేట్‌వే లాగ్ నుంచి తీసి. నలభై నోడ్లూ చచ్చాయి. వరద రేపు సాయంత్రమట. సైరన్‌కు మాన్యువల్ స్విచ్ ఉంది, తాళం ఆమె దగ్గరే. ఇద్దరూ కలిసి వెళ్ళండి."

"మరి ఆ నోడ్లు చూసుకునే నెహెమ్యా?"

చీఫ్ తన ఫోన్ చూపించాడు. ప్లాట్‌ఫారం మీద నెహెమ్యా టైపు చేసిన ఆఖరి మెసేజ్. 'ఇరవై ఏడు మాట్లాడుతోంది. మెల్లగా.'

"ఇరవై ఏడో నంబరు కూడా చచ్చినవాటిలోనే ఉంది," అన్నాడు చీఫ్. "ఏం చెప్పబోయాడో మరి." డ్రాయరు లాగి ఒక చెవి మిషన్ తీశాడు. ముసలివాళ్ళు పెట్టుకునే రకం. "దగ్గర్లో ఏ నోడ్ మాట్లాడినా టిక్కుమంటుంది. నోడ్లు పది నిమిషాలకోసారి మాట్లాడతాయి. పెట్టుకోండి. మీ వయసుకు నప్పుతుంది."

"నలభై ఆరేనండీ."

"తెలుసు," అన్నాడు చీఫ్. డ్రాయరు మూసి, "భయం వేయట్లేదా మీకు?" అని అడిగాడు.

"వేయడం మానేసిందండీ."

*

చేపల మేత కంపెనీ ఏరియా మేనేజరు వేషంలో జాషువా బస్సెక్కాడు. చెవి మిషన్ చూసి కండక్టరు ఒక కుర్రాణ్ణి లేపి అతనికి కిటికీ సీటు ఇప్పించింది. వద్దనలేదు. ఇలాంటివి వచ్చినప్పుడు తీసుకోవాలని లిడియా అనేది.

గుండుగొలనులో దిగాడు. కారు ఇంకా రాలేదు. కాలువ గట్టున నిలబడి నీళ్ళ వైపు చూశాడు. డెల్టా కాలువ నీళ్ళు నల్లమట్టి రంగులో ఉంటాయి. ఇవి ఎర్రగా ఉన్నాయి. మీద జీడిమామిడి ఆకులు తేలుతున్నాయి. ఎర్రమట్టీ, జీడితోటలూ ఉన్నది మీద, కామవరపుకోట వైపు మెట్టలో. అక్కడ రాత్రి కురిసిన వాన అప్పుడే ఇక్కడికి వచ్చేసింది. ఇక్కడి నుంచి కొల్లేటికి దానికి ఎంతో సేపు పట్టదు. మధ్యాహ్నం మూడింటికల్లా లంక రోడ్డు మీదికి నీళ్ళు.

వరద రేపు కాదు. ఇవాళే.

కారు ఆగింది. గీతాంజలి అద్దం దించింది. నల్లకళ్ళద్దాలు, చిలకపచ్చ సిల్కు చీర, చేతికి సన్నటి గడియారం. ఆమె కూర్చోవడంతో పాత కారు కూడా కొత్తదిలా కనిపిస్తోంది.

"లేటైందా అండీ?"

"లేదండీ. కాలువ చూస్తున్నాను."

"ఏముంది కాలువలో?"

"నీళ్ళేనండీ," అన్నాడు జాషువా. కారెక్కుతూ, "వరద రేపే అన్నారు కదూ?" అని అడిగాడు.

"రేపు సాయంత్రం. తొందరేం లేదు."

మెట్ట నీళ్ళ సంగతి తెలియక అంటోందో, తెలిసే అంటోందో అతనికి అర్థం కాలేదు. తాళం ఆమె దగ్గరుంది. కాబట్టి ఆమెతో కాక చీఫ్‌తోనే చెబుదామనుకున్నాడు. ఫోన్ తీశాడు. లంక రోడ్డు ఎక్కేసరికి సిగ్నల్ లేదు.

"టవర్ కేబుల్ ఎవరో కోశారటండీ," అంది ఆమె, స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేస్తూ.

దారి పొడవునా కర్రలు. ఒక్కో దాని మీదా ఒక నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. చెవిలో టిక్కు లేదు. నలభై నోడ్ల నిశ్శబ్దం. అతనికి కొత్తగా అనిపించలేదు. ఇంట్లోనూ అంతే.

*

ఒంటిగంటా యాభై ఐదుకు పొలిమేరలంక చేరారు. చర్చి ఆవరణలోకి అడుగు పెట్టాడు. పంతొమ్మిదేళ్ళ కిందట అతని పెళ్ళి ఇక్కడే. లిడియా పోయాక మళ్ళీ రాలేదు. ఏమైనా అనిపిస్తుందేమోనని ఒక నిమిషం ఆగాడు. ఏమీ అనిపించలేదు.

సరిగ్గా రెండు గంటలకు చెవిలో టిక్కు మంది.

చాలా చిన్నగా. పక్కగదిలో ఎవరో గాజు సవరించుకున్నట్టు.

"వందనాలండీ, మరిదిగారూ."

హెప్సిబా. లిడియా అక్క. ఆమె ఇల్లు, ఆమె చేపల చెరువు చర్చి గోడకు ఆనుకునే ఉన్నాయి. జాషువా బ్యాంకులో ఆడిటరని ఆమె నమ్మకం. అతని చెవి వైపు చూసింది. ఏమీ అడగలేదు. అతని వెనక ఉన్న చిలకపచ్చ చీర వైపు చూసింది. అప్పుడూ ఏమీ అడగలేదు.

"అదేంటండీ వదినగారూ?" అన్నాడు జాషువా.

గోడ పక్కన ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. అందులో నిలబెట్టిన కర్ర. పైన గోనెపట్టా కప్పి ఉంది. పట్టా సందులోంచి చిన్న ఆకుపచ్చ దీపం. కర్ర మీద పెయింటుతో 27.

హెప్సిబా ముఖంలో కొంచెం తప్పు చేసినదాని భావం. "గవర్నమెంటు కర్రండీ అది. మా చెరువుకెదురుగా పాతారు. దాని మీద కూర్చుని గూడబాతులు నా చేపలన్నీ తినేస్తున్నాయి. పాతిన వారానికే పీకి ఇటు తెచ్చాను. పారేయలేదండీ. నీళ్ళు కొలిచేది నీళ్ళు లేకపోతే పాడైపోద్దేమో అని డ్రమ్ములో పెట్టాను. రోజూ చూసుకుంటాను, తగ్గితే పోస్తాను. కొల్లేటి నీళ్ళేనండీ. వాన నీళ్ళు పడితే లెక్క తప్పుద్దని పట్టా కప్పాను. మొన్న ఆ ఇంజనీరు అబ్బాయి వచ్చి చూసి, నవ్వి, అలాగే ఉంచమ్మా అన్నాడు."

"కళ్ళజోడు పెట్టుకున్న అబ్బాయా?"

"ఆ. మంచోడండీ. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళాడు." ఆమె లోపలికి నడిచింది. "ఉండండి, టీ తెస్తాను."

జాషువా డ్రమ్ము వైపు, గోపురం వైపు చూశాడు. మధ్యలో ముప్పై అడుగులు. సరస్సులో ఉన్నప్పుడు ఇరవై ఏడు దూరానికి అరవాలి. ఇక్కడ వినే పెట్టె నెత్తి మీదే ఉంది. గొంతు తగ్గించింది. జవాబు వచ్చింది. ఇంకా తగ్గించింది. మళ్ళీ జవాబు వచ్చింది. అలా తగ్గించి తగ్గించి ఎంత మెల్లగా మాట్లాడుతోందంటే, సరస్సులో ఎక్కడో ఉన్న జామర్‌కు అది వినపడదు. వినపడని మాటను చెడగొట్టలేదు. ముప్పై తొమ్మిది అరిచి చచ్చాయి. ఒకటి గుసగుసలాడుతూ బతికింది.

అంటే గేట్‌వే లాగ్‌లో ఇరవై ఏడు బతికున్నట్టే ఉండాలి.

"గీతాంజలి గారూ, ఆ లిస్టు ఎక్కడి నుంచి తీశారండీ?"

"చెప్పానుగా. గేట్‌వే లాగ్ నుంచే."

లాగ్ చూసినవాళ్ళు ఇరవై ఏడు చచ్చిందని రాయరు. జామర్ చెవితో విన్నవాళ్ళు రాస్తారు. జాషువాకు అంతా తేటపడింది. ఆశ్చర్యం రాలేదు, కోపమూ రాలేదు.

"తాళం ఇవ్వండి. సైరన్ ఇప్పుడే మోగించాలి. నీళ్ళు గుండుగొలను దాటాయి."

ఆమె బ్యాగులోంచి తాళం తీసింది. రెండు వేళ్ళతో పట్టుకుని, ఆవరణ చివరి సరస్సు రేవులోకి విసిరింది. మరో చేతిలోకి పిస్టల్ వచ్చింది. దాని మీద పమిట కప్పుకుంది.

"కాలువలో నీళ్ళేనన్నారు. ఏ నీళ్ళో చెప్పలేదు," అంది. "కూర్చోండి. రెండున్నరకు నాకు బోటు వస్తుంది. అప్పటిదాకా మీరు కదలరు. నోరు తెరిస్తే ముందు ఆవిడ, తర్వాత మీరు."

జాషువా డ్రమ్ము పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. జనం రోడ్డు దాటడానికి నలభై నిమిషాలు కావాలి. మూడింటికి రోడ్డు ఉండదు. నోడ్ రెండూ పదికి మాట్లాడుతుంది, మళ్ళీ రెండూ ఇరవైకి. రెండూ ఇరవై తర్వాత సైరన్ మోగినా మోగకపోయినా ఒకటే.

హెప్సిబా రెండు గ్లాసులతో వచ్చింది. గీతాంజలి ఎడమచేత్తో అందుకుంది.

చెవిలో టిక్కు. రెండూ పది. మామూలు మట్టం చెప్పి ఉంటుంది.

జాషువా పట్టా ఎత్తి డ్రమ్ములోకి చూశాడు. నీళ్ళు కర్ర మీది అరవై గీత దగ్గర ఉన్నాయి. డ్రమ్ము అంచు ఎనభై ఎనిమిది దగ్గర ఉంది.

"వదినగారూ," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "డ్రమ్ములో నీళ్ళు తక్కువున్నాయండీ. అంచు దాకా పోస్తే మంచిది."

"తక్కువా? పొద్దున్నేగా చూశాను."

"కర్ర కదా, ఎండితే పగులుద్ది. నేనే పోసేవాణ్ణి, నడుం పట్టేసింది."

హెప్సిబా గీతాంజలి వైపు చూసింది. గీతాంజలి డ్రమ్ము వైపు చూసి భుజం కదిపింది. ఆమె లిస్టులో ఇరవై ఏడు చచ్చిపోయింది. చచ్చిన కర్రకు నీళ్ళు పోసుకుంటే ఎవరికేం.

హెప్సిబా బిందె తీసుకుని రేవుకు వెళ్ళింది. పది అడుగులు. మొదటి బిందె పోసింది.

"నేనేమీ అనుకోనండీ మరిదిగారూ," అంది రెండో బిందెకు వెళుతూ.

"దేని గురించండీ?"

"ఏదో లెండి." రెండో బిందె పోసింది. "లిడియా పోయి మూడేళ్ళు కావస్తోంది. మనిషి ఎన్నాళ్ళని ఒక్కడే వండుకుంటాడు. ముందుగా ఒక కబురు పంపితే కూర చేసేదాన్ని." గీతాంజలి వైపు తిరిగి మర్యాదగా అంది. "మీది ఏ ఊరండీ?"

గీతాంజలికి జీవితంలో మొదటిసారి కవర్ స్టోరీ తట్టలేదు. "ఏలూరండీ."

"దగ్గరే. మంచిది." మూడో బిందె. "ఈయన ఉప్పు తక్కువ తింటారు. ఉత్తరాలు రాయరు. అంతకుమించి ఇబ్బంది పెట్టరు."

జాషువా చేతి గడియారం చూడలేదు. డ్రమ్ము చూశాడు. డెబ్భై ఒకటి. నాలుగో బిందె. డెబ్భై ఐదు. హెప్సిబా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఇక చాలేమోనండీ."

"ఇంకో రెండు, వదినగారూ."

ఆమె ఊపిరి పీల్చుకుని వెళ్ళింది. ఐదో బిందె. నీళ్ళు ఎనభై గీత కింద ఆగి, ఊగుతున్నాయి. గీతాంజలి గడియారం చూసుకుంది. రెండూ పంతొమ్మిది. రేవు మెట్ల మీద హెప్సిబా చెప్పు జారింది. నిలదొక్కుకుంది. ఆరో బిందె సగం ఒలికింది.

"అయ్యో, మీ చీర మీద పడ్డాయా అండీ?"

"లేదు," అంది గీతాంజలి. అప్పటికి మొదటిసారి ఆమె కళ్ళు డ్రమ్ము మీద నిలిచాయి. పట్టా సందులో ఆకుపచ్చ దీపం కనిపించింది.

మిగిలిన సగం డ్రమ్ములో పడింది.

టిక్కు.

గోపురం మీద సైరన్ మోగింది.

పమిట కింద పిస్టల్ పైకి లేచింది. జాషువా లేచి, ఆమె మణికట్టు పట్టుకుని, వేళ్ళలోంచి దాన్ని తీసుకున్నాడు. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. సేఫ్టీ క్యాచ్ వేసే ఉంది. మరిచిపోయిందో, ఆరో బిందె మోస్తున్న మనిషిని చూసి వేసిందో అతను అడగలేదు. కొన్ని అడగకుండా ఉంచుకోవచ్చు.

"ఆ కర్ర చచ్చిపోయింది కదా," అంది గీతాంజలి.

"మీకు వినపడలేదంతేనండీ."

ఊరు కదిలింది. ఎవరూ అరవలేదు. కోళ్ళను బుట్టల్లో పెట్టారు, పిల్లల సర్టిఫికెట్లు సంచుల్లో వేసుకున్నారు, ముసలివాళ్ళను ట్రాక్టరు ఎక్కించారు. రెండూ యాభై ఎనిమిదికి ఆఖరి ట్రాక్టరు రోడ్డు దాటింది. చక్రాలు ఎర్ర నీళ్ళలో సగం మునిగి ఉన్నాయి. హెప్సిబా దాని మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఖాళీ బిందె. పక్కన చేతులు కట్టేసిన గీతాంజలి.

"తాళి కట్టకముందే చేతులు కట్టేశారేంటండీ?" అంది హెప్సిబా.

జాషువాకు నవ్వొచ్చింది. చిన్నగా. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. చాలా దూరం నుంచి వచ్చిన కబురులా ఉంది.

"ఆవిడ మీరనుకున్న మనిషి కాదండీ."

"అనుకుంటూనే ఉన్నాను. టీ తాగి గ్లాసు అక్కడే వదిలేసింది."

*

నాలుగో రోజు. రైస్ మిల్లు మేడ. ఏరియేటర్ ఫ్లోట్లలోని ఆరు జామర్లు దొరికాయి. గీతాంజలి కోసం బయల్దేరిన బోటులో థర్మకోల్ పెట్టె మనిషి దొరికాడు. లంకలో ఇళ్ళు నడుములోతు మునిగాయి. మనుషులు ఒక్కరూ పోలేదు. టీ అమ్మే ఏడుకొండలు తువ్వాలును జాషువా ఉతికించి, ఇస్త్రీ చేయించి, స్టేషన్లో అతనికి ఇచ్చి వచ్చాడు.

చీఫ్ రిపోర్టు తిరగేస్తున్నాడు. "లాగ్ ప్రకారం పది నిమిషాల్లో కొల్లేరు ఇరవై సెంటీమీటర్లు పెరిగింది. ఢిల్లీ వాళ్ళు అడుగుతున్నారు, ఇదెలా సాధ్యమని."

"ఆరు బిందెలని రాయండి. ఆఖరిది సగమే."

"మిగతా ముప్పై తొమ్మిదీ తొమ్మిది రోజుల్లో చచ్చాయి. దీని బ్యాటరీ ఇంకా తొంభై ఎనిమిది శాతం ఉంది. దీనికి కారణం ఏమని రాయను?"

జాషువా చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా వదినగారి గుమ్మంలో పెరిగిందండీ. అక్కడ గట్టిగా మాట్లాడటం మర్యాద కాదు."